వెట్టి అంటే జీతం లేకపోవడమేనా?

పని గురించి చెప్పుకోవడానికి మన ఆడవాళ్ల దగ్గర మాటలకు కొదవ లేదు. ఒళ్లు హూనమయ్యేలా చేస్తే 'గొడ్డుచాకిరి' అంటాం. ఎవరి పని వాళ్లు చేసుకోకుండా అన్నీ మన నెత్తిన వేస్తే 'అడ్డమైన చాకిరి' అంటాం. ఒకరి ముందు ఒదిగి ఒదిగి చేయాల్సి వస్తే 'ఊడిగం' అంటాం. పండగనాడు పదిమందికీ వడ్డించి, చివరికి చల్లారిన అన్నం ముందేసుకుని, అవతల సింకు నిండా గిన్నెలు కనబడుతున్నప్పుడు మాత్రం ఇంకో మాట వస్తుంది. 'ఈ ఇంట్లో నాది వెట్టిచాకిరి అయిపోయింది!'

ఆ మాట అన్నాక ఏమవుతుందో మనకు తెలియంది కాదు. 'నిన్నెవరు ఇన్ని వండమన్నారు?' అంటారు శ్రీవారు. 'మన ఇంటి పని మనం చేసుకుంటే వెట్టేమిటమ్మా, విడ్డూరం!' అంటారు అత్తగారు. 'వెట్టి అంటే ఏంటమ్మా?' అంటాడు ఏడో క్లాసు చదివే పుత్రరత్నం.

ఈ ముగ్గురిలో పిల్లవాడి ప్రశ్నకే మనం జవాబు వెతుక్కోవాలి. ఎందుకంటే ఆ మాట చిన్నది కాదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. దాన్ని మనం ఎప్పుడు వాడొచ్చు, ఎప్పుడు వాడకూడదు అని ఆలోచిస్తే మన బతుకుల గురించి కూడా కొన్ని సంగతులు తెలుస్తాయి.

ఎక్కడి మాట ఇది?

నిఘంటువు విప్పి చూస్తే 'కూలి లేకుండా, నిర్బంధంగా చేసే పని' అని ఉంటుంది. సంస్కృతంలోని 'విష్టి' అనే మాట నుంచి వచ్చిందంటారు. ఆ విష్టి కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. అంటే రాజుల కాలం నుంచీ జనంతో ఊరికే పని చేయించుకోవడం ఉందన్నమాట. పక్కనున్న చాకిరి మాత్రం మనది కాదు. ఫారసీలో 'చాకర్' అంటే సేవకుడు. ఉర్దూ మాట్లాడేవాళ్లు 'నౌకర్ చాకర్' అంటారే, అదే. ఒక సంస్కృతం బిడ్డా, ఒక ఫారసీ బిడ్డా కలిసి మన నోట్లో 'వెట్టిచాకిరి' అయి కూర్చున్నాయి.

నేను పుట్టింది సూర్యాపేట దగ్గర పల్లెలో, మెట్టింది విజయవాడలో. రెండుచోట్లా ఈ మాటకు రంగు వేరు. కోస్తా పల్లెల్లో పాతకాలం వాళ్లను అడిగితే 'వెట్టి' అనేది ఒక కొలువు పేరు. మునసబు, కరణం, తలారి, వెట్టి... ఇలా వరుసగా చెబుతారు. ఊరి అధికారుల పనుల మీద తిరిగే గ్రామసేవకుడు ఆయన. మా పుట్టింటి వైపు ఆ మాట అంటే మాత్రం పెద్దవాళ్ల ముఖాలే మారిపోయేవి.

మా నాయనమ్మకు 1946 నాటికి పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ దొర గడిలో వడ్లు దంచడానికి పోతే, చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని ఈమె బయట కూర్చునేదట. నేను డిగ్రీ చదివే రోజుల్లో, తెలిసీ తెలియని తెలివితో, 'జీతం ఇవ్వకపోతే వెట్టి అంటారు కదా నాయనమ్మా' అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

'జీతం లేకపోవుడు కాదు బిడ్డా. మన చెల్కల మనం జీతం లేకుంటనే చేసుకోలేదా? అది వెట్టా? వెట్టంటే వేరే. పిలిస్తె రానని చెప్పరాదు. సంటిపోరడు ఏడుస్తున్నడని చెప్పరాదు. జరమొచ్చిందని చెప్పరాదు. గదీ వెట్టంటే.'

నిఘంటువులో 'నిర్బంధంగా' అని ఒక్క మాటలో ఉన్నదాన్నే నాయనమ్మ మూడు వాక్యాల్లో విప్పి చెప్పింది. డబ్బు సంగతి తర్వాత. ముందు 'కాదు' అనగలమా లేదా? అదీ గుర్తు.

గడి గోడల లోపల

నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో, ముఖ్యంగా తెలంగాణ పల్లెల్లో, వెట్టి లేని కులం అరుదు. చాకలి బట్టలుతకాలి. కుమ్మరి కుండలివ్వాలి. గౌడ కల్లు పొయ్యాలి. గొల్లకుర్మలు గొర్రెపిల్లల్నివ్వాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి. రైతు తన పొలం కన్నా ముందు దొర పొలం దున్నాలి. ఊరికి అధికారి ఎవరొచ్చినా మోతలు మొయ్యాలి. వీటిలో దేనికీ పైసా ముట్టదు.

ఇందులో ఆడవాళ్ల పాలు ఎంతో వేరే చెప్పాలా? దంచడం, విసరడం, ఊడ్చి అలకడం, నాట్లు, కలుపులు అన్నీ వాళ్లవే. దొరల ఇళ్లలో 'ఆడబాప' అనే దారుణం కూడా ఉండేది. పెళ్లయి వెళ్లే దొరసాని వెంట, చీరసారెలతో పాటు ఒక పిల్లను కూడా పంపేవారు. ఆ పిల్ల జన్మంతా ఆ గడిలోనే. పని చేయడానికే కాదు, ఆమె ఒంటి మీద కూడా ఆమెకు హక్కు లేదు. 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అనే మాట ఇప్పుడు సినిమా డైలాగులా వినబడుతుంది గానీ, బాంచ అంటే బానిస అని గుర్తుంచుకోవాలి.

దీనిమీద గొంతెత్తినవాళ్లు లేకపోలేదు. 1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రజనసంఘం, మాడపాటి హనుమంతరావు వంటి పెద్దల చేతుల మీదుగా వెట్టి సమస్యను జనం ముందు పెట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. తర్వాత సంఘం పల్లెల్లోకి పోయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం అండతో ఎదురు నిలిచి పంటను ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాక, కాదనడం ఊరూరా పాకింది. 'రాము, చెయ్యము' అన్న రెండు మాటలు అనడానికి అంత రక్తం ధారపోయాల్సి వచ్చింది. ఊరి బట్టలుతికిన కులంలో పుట్టిన ఆ ఐలమ్మ పేరే 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు.

చట్టం ఏమంటుంది?

1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలోనే వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టం దేశంలో ఈ దుర్మార్గానికి ఉన్న రకరకాల పేర్లన్నీ వరుసగా రాసింది. భగేలా, జీతా, పాలేరు, వెట్టి... మన వైపు వాళ్లకు తెలిసిన మాటలే అన్నీ. చూశారా, 'జీతా' కూడా ఆ జాబితాలో ఉంది! మా వైపు 'దొర దగ్గర జీతమున్నడు' అంటే ఏడాది పొడుగునా కట్టుబడి ఉన్నాడని అర్థం. పేరులో జీతం ఉన్నంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. నాయనమ్మ చెప్పింది చట్టానికీ తెలిసిందన్నమాట.

1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసు అది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకున్నా అది నిర్బంధ శ్రమేనని జస్టిస్ పి.ఎన్.భగవతి తీర్పు చెప్పారు. కర్ర పట్టుకుని కొడితేనే నిర్బంధం కాదు. ఆకలి, పేదరికం మనిషికి వేరే దారి లేకుండా చేస్తే అదీ నిర్బంధమేనన్నారు. ఈ 'వేరే దారి లేకపోవడం' అన్న మాటను కాస్త మనసులో ఉంచుకోండి. మన ఇళ్లలోకి వెళ్లేటప్పుడు దాంతో పని ఉంది.

మరి మన ఇళ్లలో?

ముందే ఒక మాట చెప్పాలి. అలసిపోయిన ప్రతిసారీ 'వెట్టి' అనడం నాకు ఇష్టం ఉండదు. గడి బయట చంటిపిల్లలు ఏడుస్తుంటే లోపల వడ్లు దంచిన తల్లుల మాట అది. చేతిలో సెల్‌ఫోనూ, బ్యాంకు పుస్తకమూ ఉండి, ఒంట్లో బాగోకపోతే 'ఈపూట హోటలు నుంచి తెప్పించండి' అనగలిగే నాలాంటి ఇల్లాలు ఆ మాటను అంత తేలిగ్గా ఎత్తుకోకూడదు. నాది జీతం లేని పనే. శ్రమా ఉంది, విసుగూ ఉంది. కానీ కాదనే వీలు కొంత ఉంది.

అందరికీ అలా ఉందా అంటే, లేదు. మా ఇంట్లోనే లేదు. మా మేనత్త ఇరవై రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచి మా అందరినీ పెంచింది ఆమే. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి చల్లడం, పొయ్యి వెలిగించడం, పాలు పిండడం, బాలింతలకు పథ్యం వండటం, పత్తి ఏరే రోజుల్లో చేనుకు సద్ది మోయడం... ఆమెను ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. 'ఇంటికి పెద్దదిక్కు' అని గౌరవంగానే చెప్పుకునేవారు. భూమిలో వాటా మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె అడగలేదు.

మేనత్తకు శ్రీశైలం చూడాలని ఉండేది. వద్దని ఎవరూ అనలేదు. 'పోదువులే అక్కా' అనేవారు మా నాన్న. ఆ ఏడు వరినాట్లు. పై ఏడు మా అక్క కాన్పు. తర్వాత పిల్లల పరీక్షలు. వాడుక అలా పడిపోయింది. ఆమె లేకపోతే ఇల్లు గడవదు. బస్సు టికెట్టుకు డబ్బులు కావాలంటే తమ్ముణ్ణి అడగాలి. అడిగితే ఆయన ఇవ్వడని కాదు. కానీ అడిగినప్పుడు 'ఇప్పుడా?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. దాదాపు నలభై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

2014 చివర్లో తెలంగాణలో ఆసరా పింఛన్లు నెలకు వెయ్యి రూపాయలు చేశారు. వితంతు పింఛను కింద అవి మేనత్త చేతికి వచ్చాయి. 'నీకెందుకే డబ్బులు, ఇంట్లో అన్నీ ఉన్నాయిగా' అని నవ్వారు అందరూ. ఆమె ఏమీ అనలేదు. మరుసటి శివరాత్రి పోయిన నెలకు, ఒకనాడు పొద్దుగూకాక అన్నాలు వడ్డిస్తూ, 'రేపు పొద్దున బస్సుకు శ్రీశైలం పోతున్న. పక్కింటామె తోడున్నది. నాలుగు దినాలు' అని చెప్పింది. పోవచ్చా అని అడగలేదు. పోతున్న అని చెప్పింది. ఆ తేడా విన్న మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయిందట!

ఆ నాలుగు రోజులూ ఇల్లు మునిగిపోలేదు. మా నాన్న పాలు పిండారు. ఒకపూట మాడిన అన్నం, ఒకపూట ఉప్మా తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

మేనత్తది వెట్టి అని నేను మా ఇంట్లో అంటే మా నాన్న ఎంతో బాధపడతారు. ప్రేమగా చూసుకున్న మాట నిజమే కదా! కానీ ఆమెను అన్నేళ్లు కట్టి ఉంచింది కర్రా కాదు, తిట్టూ కాదు. వేరే దారి లేకపోవడం. ఆ తాడు తెగడానికి నెలకు వెయ్యి రూపాయలు చాలింది. అందుకే నాయనమ్మ మాటకు నేను ఒక మాట కలుపుకున్నాను. వెట్టి అంటే జీతం లేకపోవడం కాదు, కాదనలేకపోవడం. నిజమే. అయితే కాదనాలంటే చేతిలో ఎంతో కొంత మనది అనేది ఉండాలి.

లెక్కల పుస్తకంలో మనం

ఇంటి పనిని సర్కారు లెక్కలు ఎలా చూస్తాయో తెలిస్తే నవ్వూ వస్తుంది, మంటా వస్తుంది. 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్నకు పక్కనే, సొంత పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ జీతం లేకుండా చేసేదాన్ని కూడా కలుపుకోవాలని మొదటిసారి రాశారు. 2001లో ఇంటివాడకం కోసమే పాడి చేసినా పనిగా లెక్కించారు. సంతోషమే. అంటే గేదెకు గడ్డి వేసి పాలు పితికితే పని. ఆ పాలు కాచి, తోడు పెట్టి, చిలికి వెన్న తీసి పిల్లాడి ముద్దలో వేస్తే పని కాదు! ఇంటి పని మాత్రమే చేసేవాళ్లు ఆ పుస్తకంలో 'పనిచేయనివారు'. 2001 లెక్కల్లో గృహిణుల్ని ఆ వర్గంలోనే బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి రాశారు. 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎ.కె.గంగూలీ దీన్ని తప్పుపట్టారు.

2011 లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు. మగవాళ్లు 58 లక్షలు. 2019లో కేంద్రం దేశమంతటా కాల వినియోగ సర్వే చేయించింది. ఎవరు రోజులో ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారో అడిగి రాశారు. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, అంటే ఒక్క నిమిషం తక్కువ అయిదు గంటలు. మగవాళ్లు 97 నిమిషాలు. ఫరవాలేదే అనుకోకండి. ఆ రోజు ఇంటి పని చేసినవాళ్ల సగటు మాత్రమే అది. మగవాళ్లలో అసలు ఆ పని ముట్టుకున్నది 26 శాతం. ఆడవాళ్లలో 81 శాతం. 2024లో మళ్లీ సర్వే చేస్తే ఆడవాళ్లవి 289 నిమిషాలకు తగ్గాయి. మిక్సీలూ, గ్యాసూ, కుళాయిలూ తగ్గించి ఉంటాయనుకుందాం. మగవాళ్లు పెంచారా అంటే, వాళ్లవీ 88కి తగ్గాయి!

విచిత్రమేమిటంటే, మన పనికి రూపాయల్లో విలువ కట్టింది మనం బతికి ఉండగా కాదు. చనిపోయాక నష్టపరిహారం కోసం కోర్టులో. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక ప్రకారం, సంపాదన లేని భార్య పోతే ఆమె ఆదాయాన్ని భర్త సంపాదనలో మూడోవంతుగా లెక్కగట్టేవారు. భర్త గుమాస్తా అయితే ఆమె వంటకు ఒక ధర, ఆఫీసరైతే అదే వంటకు ఇంకో ధర అన్నమాట! 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల్ని నెలకు 3 వేలుగా అంచనా వేసింది. 2021 జనవరిలో ఢిల్లీ దంపతుల ప్రమాదం కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ వేరే తీర్పు రాస్తూ, పైన చెప్పిన 299 నిమిషాల లెక్కను ఉదహరించారు. గృహిణులు పనిచేయరు, ఇంటికి ఆర్థికంగా ఏమీ ఇవ్వరు అన్న ఆలోచనే తప్పని చెప్పారు.

ఆ తీర్పులు చదివినప్పుడు సంతోషించాను. కానీ బతికున్న ఇల్లాలికి ఆ లెక్క ఎవరు చెబుతారు?

గౌరవం పేరుతో

జీతం లేని పనికి, చాలీచాలని జీతం ఉన్న పనికి మన సమాజం అందమైన పేర్లు పెడుతుంది. ఇంట్లో చేస్తే 'సేవ', 'త్యాగం'. బయట చేస్తే 'గౌరవ వేతనం'. అంగన్‌వాడీ కేంద్రాలు 1975లో మొదలైనప్పటి నుంచీ అక్కడి టీచర్లకూ ఆయాలకూ ఇచ్చేదాన్ని ప్రభుత్వాలు జీతం అనవు, గౌరవ వేతనం అంటాయి. పిల్లలకు వండి పెట్టడం, బరువులు తూచడం, గర్భిణుల లెక్కలు రాయడం ఆడవాళ్లు ఎలాగూ చేసే పనులే కదా, దానికి జీతమేమిటన్న భావం దాని వెనక ఉంది. 2022లో గుజరాత్ అంగన్‌వాడీ ఉద్యోగినుల కేసులో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనంది. పేరు గౌరవ వేతనమైనా చట్టం దృష్టిలో అది వేతనమేనని తేల్చింది.

2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో, 2024 జనవరిలో, ప్రభుత్వం వాళ్లను అత్యవసర సర్వీసుల చట్టం కిందికి తెచ్చి సమ్మెను నిషేధించింది. ఇక్కడ ఏ పార్టీదో తప్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. మాటల సంగతే చూడండి. డబ్బిచ్చేటప్పుడు అది 'గౌరవం'. మానేస్తామన్నప్పుడు అది 'అత్యవసరం'. అంత అత్యవసరమైన పనికి జీతం అనే పేరు పెట్టడానికి మాత్రం నోరు రాదు!

నాకూ ఒక చిన్న అనుభవం ఉంది. ఒక సంస్థవారు తమ వార్షికోత్సవ సంచిక కోసం రెండు వందల పేజీలు దిద్దిపెట్టమని అడిగారు. 'మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదండీ' అన్నారు. ప్రెస్సువాడికి డబ్బిచ్చారు, కాగితానికి ఇచ్చారు, సభకు షామియానా వేసినవాడికీ ఇచ్చారు. నాకు శాలువా అన్నారు. కుదరదని చెప్పాను. చెప్పగలిగాను కాబట్టి దాన్ని వెట్టి అనను. కానీ 'ఇంట్లోనే ఉంటారు కదా' అన్న మాట ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం తెలుసు. పనిచేయనివారి జాబితా నుంచే వస్తుంది.

ఇదే కొలతతో మన ఇళ్లలో పనిచేసే ఆమె సంగతి కూడా చూసుకోవాలి. ఆమెకు నెల తిరిగేసరికి జీతం ఉంది. కానీ జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే మనం ఏమంటున్నాం? 'నాకు ఆదివారం కూడా సెలవు లేదు' అని వాపోయే మన నోరే, 'ఇలా మానేస్తే ఇంకొకళ్లను చూసుకోవాల్సి వస్తుంది' అంటుంది. జ్వరమొచ్చిందని చెప్పరాకపోవడమే వెట్టి అని నాయనమ్మ చెప్పిన గుర్తు అక్కడా వర్తిస్తుంది మరి.

మనం చేయగలిగింది

భార్యకు భర్త జీతమివ్వాలా అన్న చర్చ అప్పుడప్పుడు వస్తుంటుంది. భర్త చేతి నుంచి జీతం తీసుకోవడం నాకు రుచించదు. ఆయన యజమానీ, నేను నౌకరూ అయిపోతాం. తమిళనాడులో 2023 సెప్టెంబరులో అర్హులైన ఇల్లాళ్లకు ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి వాళ్లు పెట్టిన పేరు నాకు నచ్చింది. సాయం అనలేదు, భృతి అనలేదు, మహిళల 'హక్కు సొమ్ము' అన్నారు. మాట మారితే చెయ్యి చాపే తీరు మారుతుంది.

ఇంట్లో కూడా కొన్ని మాటలు మార్చుకోవచ్చు. 'మావారు నాకు పనిలో సాయం చేస్తారు' అని మురిసిపోతాం. సాయం అన్నామంటే ఆ పని మనదే అని ఒప్పుకున్నట్టు. ఆయన తిన్న కంచం ఆయన కడిగితే అది సాయం ఎలా అవుతుంది? వారంలో ఒక పూట వంట పూర్తిగా ఇంట్లో మరొకరి బాధ్యత కావాలి. కూర ఏమిటో అడగడానికి కూడా మన దగ్గరికి రాకూడదు! మొదట్లో ఉప్పెక్కువవుతుంది, ఓర్చుకుందాం. ఇంటి ఖర్చుల్లో మిగిల్చింది కాకుండా, నెలకు ఎంతో కొంత, అది మూడు వందలైనా సరే, మన పేర బ్యాంకులో పడాలి. దేనికని ఎవరూ అడగకూడదు. ఇంట్లో మేనత్తలాంటి వాళ్లుంటే ముందు వాళ్ల పేర పడాలి. ఆడపిల్లకు అన్నం వండటం నేర్పినట్టే 'ఇవాళ నా వల్ల కాదు' అనడం నేర్పాలి. మగపిల్లవాడికి ఆ మాట వినడం నేర్పాలి, వండటమూ నేర్పాలి.

ఇంకొక్కటి. 2027 జనాభా లెక్కల వాళ్లు మీ తలుపు తట్టినప్పుడు మీరు ఎక్కడున్నా బయటికి రండి. 'మా ఆవిడ పనేమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది' అని ఇంకొకరు చెప్పేలోగా, ఏమేం చేస్తారో మీరే చెప్పండి. గేదె ఉంటే గేదె సంగతి, మిషను కుడితే మిషను సంగతి, చేనుకు పోతే చేను సంగతి, ఏమీ లేకపోతే ఇంటి పని సంగతి. వాళ్ల కాగితంలో దానికి గడి ఉన్నా లేకపోయినా సరే. పక్కన నిలబడి మీ పిల్లలు వింటారు కదా, ముందు అది చాలు.